టైర్లకు శాలువాలు

కోట మండలం సముద్ర తీరాన కొత్తగా కట్టిన రేసు ట్రాకు ప్రారంభోత్సవంలో నాలుగు టైర్లకు ఘనంగా సన్మానం జరిగింది. కారు రొయ్యల గుంటలో పడడం మినహా కార్యక్రమం ఆద్యంతం జయప్రదమైందని ఆహ్వాన సంఘం అధ్యక్షులు జయరామయ్యగారు ప్రకటించారు. గుంటలోని రొయ్యలకు ఎటువంటి నష్టమూ వాటిల్లలేదని కూడా ఆయనే స్పష్టం చేశారు.

ఆ కారు రోజారమణిది. ఆమె తండ్రి చెంచయ్య పులికాట్ సరస్సులో చేపలు పట్టే మనిషి. ఆయన పడవ ఇంజను విప్పి బిగించడంతో మొదలైన పిచ్చి, ఆ పిల్లను మద్రాసు దాకా తీసుకెళ్ళి, రేసు కారులో కూర్చోబెట్టింది. ఈ పందెంలో గెలిచినవాళ్ళను మద్రాసు జట్టులో చేర్చుకుంటారు. ఓడినవాళ్ళు ఇంటికి పోయి వలలు బాగుచేసుకోవచ్చు.

రేసు టైర్ల సంగతి కొంత చెప్పాలి. వాటి మీద ఒక్క గీత ఉండదు, నున్నగా ఉంటాయి. వేడిగా ఉన్నంతసేపు రోడ్డును జిగురులా పట్టుకుంటాయి. చల్లబడితే జర్రున జారతాయి. అందుకే పందెం మొదలయ్యేదాకా వాటికి కరెంటు దుప్పట్లు చుట్టి ఉంచుతారు. వేడికి లోపలి గాలి పొంగుతుంది గనక ముందుగా గాలి కాస్త తక్కువే పెడతారు. ఇవన్నీ చూసుకునే పెంచలకృష్ణ ఆ పూట టైర్లను బాలింతను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. మాఘమాసం, పైగా సముద్రం మీది గాలి.

బెంగుళూరు, మద్రాసుల నుంచి వచ్చిన కార్ల వంక మావాళ్ళెవరూ కన్నెత్తి చూడలేదు. రోజారమణి మన పిల్ల. అందుచేత ఆహ్వాన సంఘం మొత్తం ఆమె కారు దగ్గరికే వచ్చింది.

"ఏందయ్యా ఈ పాత దుప్పట్లు? మన పాప బండికి ఇదేనా మర్యాద?" అన్నారు జయరామయ్యగారు.

"అన్నా, అవి కరెంటు దుప్పట్లన్నా. తీస్తే టైర్లు సల్లబడిపోతాయి. మలుపులో బండి నిలవదన్నా," అన్నాడు పెంచలకృష్ణ.

"మన జిల్లాలో శాలువా కప్పినాక పడిపోయినోడు ఒక్కడన్నా ఉండాడా?"

వాదన బలమైనదే. శాలువా కప్పించుకున్నాక కదిలినవాళ్ళు కూడా మా జిల్లాలో తక్కువే. దుప్పట్లు ఊడదీసి, నాలుగు టైర్లకూ జరీ అంచు శాలువాలు కప్పారు. దుప్పట్ల ప్లగ్గు పీకి అక్కడ మైకు ప్లగ్గు పెట్టారు. మా ప్రాంతంలో మైకుకు కరెంటు లేదనడం ఇప్పటివరకు జరగలేదు.

ఇంతలో కోట రోడ్డులో పంచరు షాపు నడిపే జడ్సన్ వచ్చి, టైరు నొక్కి చూసి, గాలి తక్కువుందని నొచ్చుకున్నాడు. ప్రారంభోత్సవ కానుకగా నాలుగింటికీ లారీకి కొట్టినంత గాలి ఉచితంగా కొట్టేశాడు. ఉబ్బిన టైరు నడుమ భాగమే నేలకు ఆనుతుందని పెంచలకృష్ణ గాలి తీయబోయాడు. కానుకను తిరస్కరించడం సభామర్యాద కాదని కార్యకర్తలు అతని చేతులు పట్టుకున్నారు.

జయరామయ్యగారి ఉపన్యాసం మొదలైంది. "సోదర సోదరీమణులారా! భూమి గుండ్రం. టైరు గుండ్రం. ఈ సమానత్వం కోసమే నా జీవితమంతా పోరాడుతూ వచ్చాను!" చప్పట్లు మోగాయి. పోరాటంలోని ఒక్కొక్క ఘట్టాన్నీ వివరిస్తుంటే, బెంగుళూరు కార్ల టైర్లు వాళ్ళ సొంత జనరేటర్ల వేడిలో హాయిగా పడుకుని ఉన్నాయి.

రోజారమణి కారులోంచి చెయ్యి చాపి తన టైరును తాకి చూసింది. "అయ్యా, ఇంక సాలయ్యా! టైర్లు సల్లబడిపోయినాయి!" అని అరిచింది.

"మన పాపకు సిగ్గెక్కువ," అని మైకులో వివరించి, ఆయన రెండో అధ్యాయంలోకి వెళ్ళారు.

చివరికి శాలువాలు తీసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, జెండా ఊపారు. మొదటి మలుపులో రోజారమణి స్టీరింగు తిప్పింది. కారు మాత్రం తిరగకుండా నేరుగా రొయ్యల గుంటలోకి వెళ్ళింది. ఒంటినిండా బురదతో బయటికొచ్చిన పిల్లకు సంఘం దగ్గర మిగిలిన ఒక్క శాలువానూ కప్పి ఫొటో తీశారు. హెల్మెట్ లోపల ఆ పిల్ల ఏడుస్తున్నదని పెంచలకృష్ణకు తెలుసు. ఫొటోలో అదేమీ పడలేదు.

విచారణ సంఘం వేశారు. గీతలు అరిగిపోయిన పాత టైర్లు వాడడమే ప్రమాదానికి కారణమని తేల్చారు.

జట్టులో ఒక చోటు ఇంకా ఖాళీగా ఉండడంతో, మళ్ళీ అదే ట్రాకు మీద ఆఖరి పందెం పెట్టారు. ఆ పొద్దున రోజారమణి, "పెంచలన్నా, ఎవరన్నా అడిగితే మనది మద్రాసని చెప్పు. నేను హెల్మెట్ తియ్యను," అన్నది. పేరు రమణి అని మాత్రమే రాయించింది.

మద్రాసు కారు గనక ఎవరూ దగ్గరికి రాలేదు. దుప్పట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. గాలి పెట్టినంతే ఉంది. మన పిల్ల ఎక్కడా కనబడకపోయేసరికి, తెచ్చిన శాలువాలను ఆహ్వాన సంఘం సభ్యులు ఒకరికొకరు కప్పుకున్నారు. వాళ్ళింకా కప్పుకుంటూ ఉండగానే పందెం ముగిసింది. మద్రాసు అమ్మాయి రమణి గెలిచింది.

జయరామయ్యగారు మైకు అందుకుని కళ్ళు తుడుచుకున్నారు. "చూడండి! బయటి ఊరి ఆడపిల్ల ఎలా దూసుకుపోయిందో చూడండి! మనకు లేనిదేమిటి? మనం చేయని ప్రోత్సాహమేమిటి? ఈ గడ్డ మీద ఇలాంటి బిడ్డ ఎప్పుడు పుడుతుంది?"

మేమందరం చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా కొట్టినవాడు రోజారమణి తండ్రి చెంచయ్య.