విశ్రాంతిల ఉన్న సాంచెలు

"ఇగ మీదట మన ఏరియాల ఏ పీజీ స్టూడెంటుకూ ప్రాబ్లం ఉండది. ప్రాబ్లం స్టేట్‌మెంట్‌ల గూడ!"

జౌళి-విద్యా సమన్వయ మండలి చైర్మన్ దేవదాస్ గారు సిరిసిల్లల మా కాలేజీకొచ్చి గిట్ల ప్రకటించంగనే హాలు దద్దరిల్లింది. నేను ఆడ గెస్ట్ లెక్చరర్ను. పర్మనెంటోళ్లకంటె గట్టిగ చప్పట్లు కొట్టిన.

ఏ సమస్య మీద పరిశోధన చేస్తున్నమో నాలుగు మాటల్ల స్పష్టంగ రాసుడు, గదే ప్రాబ్లం స్టేట్‌మెంట్, పిల్లలకు వస్తలేదని, నేర్పుదామని ప్రిన్సిపాల్ రాజం సారు వర్క్‌షాప్ పెట్టిండు. ముఖ్య అతిథి దీపం ముట్టిచ్చి పోతడనుకున్నం. దేవదాస్ గారు కుర్చీ గుంజుకొని కూసున్నడు. "తియ్యున్రి మీ ప్రాబ్లమ్స్, సరిజేస్త."

ముందుగాల రాధిక లేసింది. ఎం.ఏ. ఎకనామిక్స్, తంగళ్ళపల్లి పిల్ల. వాళ్ల నాయిన రాజనర్సు సాంచెలు నడిపేటోడు, అంటే మరమగ్గాలు. ఆర్డర్లు లేక అవి ఆగిపోయి నెలలైతున్నది. చెల్లె దీప అప్పుడే కాలేజీ మానేసింది.

రాధిక సదివింది: "సాంచెలు ఆగినప్పుడు కార్మికుల ఆడపిల్లలు ఎందుకు సదువు మానుతున్నరు?"

గింతకంటె స్పష్టంగ ఎవ్వరూ రాయలేరు. చైర్మన్ గారికి గూడ మస్తు స్పష్టంగ అర్థమైంది.

"ఎవరి మీద ఇస్తున్నవ్ బిడ్డా గీ స్టేట్‌మెంట్?"

"ఎవరి మీద గాదు సార్. పరిశోధన."

"సాంచెలు ఆగినయని ఎవరు చెప్పిన్రు?"

"చెప్పుడేంది సార్? మా నాయిన ఇంట్లనే కూసున్నడు."

"ఆగలే, విశ్రాంతి తీసుకుంటున్నయ్. రాసుకో. 'మానుతున్నరు' కొట్టెయ్, నెగెటివ్. 'అమ్మకు ఆసరైతున్నరు' అను. ఇగ గా 'ఎందుకు' ఎందుకు?"

రాధిక నా దిక్కు చూసింది. రాజం సారు గూడ నా దిక్కు చూసిండు. నా జీతం ఆయన చేతిల ఉంటది. "రాసుకో బిడ్డా, మంచిగున్నది" అన్న.

గట్ల తయారైంది: "విశ్రాంతిల ఉన్న సాంచెలు, ఆసరైతున్న ఆడపిల్లలు: ఒక ఆనందకర అధ్యయనం." పేపర్లల్ల ఫొటో వచ్చింది.

'ఇందుల సమస్య ఏది?' అని యూనివర్సిటీ నుంచి అది వాపస్ వచ్చింది. చైర్మన్ గారు మురిసిపోయిండు. "చూసిన్రా? అంత పెద్దోళ్లు లెంకినా దొరకలే!" జగిత్యాలల ఆయనకు సన్మానం జరిగింది. రాధికకు సదువుల ఏడాది పోయింది. కోరుట్లల మేనత్త ఇంట్ల ఉంటూ చీరల దుకాణంల పనికి కుదిరింది.

గంతల సర్కారు మారింది, చైర్మన్ సారు కుర్చీ పోయింది. వారం తిరగకముందే నన్ను కార్ల ఎక్కిచ్చుకొని కోరుట్ల దుకాణానికి పోయిండు.

"బిడ్డా, నీ మొదటి స్టేట్‌మెంట్ యాదికున్నదా? రేపు సిరిసిల్లల ధర్నా ఉన్నది."

రాధిక చీర మడత పెట్టుడు ఆపలే. "సమస్య లేదంటిరి గద సార్?"

"అప్పుడు లేకుండె. మొన్న గెలిచినోళ్లు పట్టుకొచ్చిన్రు."

ఆమె చీర పక్కకు పెట్టి కాయితం అందుకున్నది. "కారణాలు గూడ కలిపి రాసిస్త. ఒక్క అక్షరం గూడ మార్చొద్దు."

"నీ మీద ఒట్టు!"

ఏ కాయితమైనా మైకు ముందట్నే మొదటిసారి సదువుడు సారు పద్ధతి. ధర్నా రోజు గూడ గంతే. గొంతు పెంచి సదివిండు: "సాంచెలు ఆగినప్పుడు ఆడపిల్లలు ఎందుకు సదువు మానుతున్నరు? మొదటి కారణం, ఇన్నేండ్లు కుర్చీల కూసోని పట్టించుకోని దేవదాస్..."

పేరు వినవడంగనే కార్యకర్తలు పిడికిళ్లు లేపిన్రు.

"దేవదాసన్న నాయకత్వం, వర్ధిల్లాలి!"