చేప ముక్కు

ఆ రోజు ఉదయం లెక్కల టీచర్ పెట్టుకున్న పని చిన్నదే. తరగతి పిల్లలందరినీ స్కూలు మైదానంలో చేప ఆకారంలో నిలబెట్టి, మేడ మీద నుంచి ఫొటో తీయాలి. మైదానం తూర్పు పడమరలుగా పొడుగు, కాబట్టి చేపే కుదిరింది. జామెట్రీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో బిందువు పెట్టింది. మొదటి అంకె మైదానం నైరుతి మూల నుంచి తూర్పుకి ఎన్ని గళ్లు నడవాలో, రెండోది ఉత్తరానికి ఎన్ని గళ్లు నడవాలో చెబుతుంది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. దాన్ని ఖాయం చేయాలో, ఇంటికి పంపాలో ఈ పాఠం చూసి తేలుస్తానని పెద్ద మేడమ్ అన్నారు. పెద్ద మేడమ్ ఇంతవరకూ ఎవరినీ ఖాయం చేసిన పాపాన పోలేదు.

ఇంట్లో టీచర్ స్నానానికి వెళ్లినప్పుడు మామగారు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆయన భూముల సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో ఎప్పుడూ ఉత్తరం ముందు, తూర్పు తర్వాత. ఇక్కడేమో తూర్పు ముందుంది. కోడలు పొరపాటు పడిందని ఆయన గాభరా పడ్డారు. ఆ పిల్ల ఉద్యోగం పోతే చూడలేక, రెండు వరుసల అంకెలనూ ఇటువి అటు మార్చేశారు. తెర మీద చేప లేచి తోక మీద నిలబడింది. చేప ఎటు చూడాలన్నది సర్వేయర్లు పట్టించుకునే విషయం కాదు.

బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో కోడలు బొమ్మ వంక చూడనే లేదు. స్కూల్లో చీటీలు ప్రింటు తీసి పంచింది.

"చీటీలో ఉన్న చోటికెళ్లి నిలబడండి. నేను చెప్పేదాకా ఎవరు పిలిచినా కదలొద్దు."

మైదానం నిండా సున్నంతో గళ్లు గీసి ఉన్నాయి. పిల్లలు లెక్కపెట్టుకుంటూ బయల్దేరారు. టీచర్ మేడ ఎక్కి చూసింది. తూర్పు సగం బోసిగా ఉంది. అందరూ ఉత్తరానికి ఎగబడ్డారు. కొందరు సైకిల్ షెడ్డులో దూరారు, ఒకడు నీళ్ల తొట్టి ఎక్కి నిలబడ్డాడు. పెద్ద మేడమ్ ఏ క్షణంలోనైనా పైకి రావచ్చు. ఇంటికి ఫోన్ చేసింది.

"మావయ్యగారూ, నా ఫైల్ ఏమైనా కదిపారా?"

"కదపలేదమ్మా, సరిచేశాను. నువ్వు ఉత్తరాన్ని వెనక్కి తోసేశావు. పర్లేదులే, ఎవరికీ చెప్పను."

ఆ గొంతులోని ప్రేమకి ఆమెకి తిట్టడానికి నోరు రాలేదు. మైకు అందుకుంది.

"పిల్లలూ, మీ అంకెలు తారుమారు చేసుకుని నడవండి."

గోడ అడ్డొచ్చిన తెలివైనవాళ్లు కొందరు అప్పటికే తమంతట తామే తారుమారు చేసుకుని సరైన చోటికి చేరారు. ఇప్పుడు టీచర్ మాట విని మళ్లీ తారుమారు చేసుకున్నారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నడిమధ్యలో ఢీకొన్నారు. చేప పోయి గుంపు మిగిలింది. ఆమె పరుగున దిగొచ్చి తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. చేప ముక్కు లేదు.

ముక్కంటే తరగతిలోకెల్లా చిన్న పిల్ల. దాని చీటీలో ఆరు, ఇరవై నాలుగు. టీచర్ ఆరు గళ్లు తూర్పుకి నడిచి ఉత్తరానికి తిరిగింది. పదిహేనుకే మైదానం అయిపోయింది. తర్వాత వరండా. ఆ తర్వాత పెద్ద మేడమ్ గది, మూసిన తలుపు. మైకు మాట ఆ లోపలికి వినపడదు.

తలుపు తోసింది. పెద్ద మేడమ్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ కుర్చీ పక్కకి జరిపి ఉంది. కుర్చీ ఉండాల్సిన చోట చేప ముక్కు నిటారుగా నిలబడి ఉంది.

"ఈ పిల్ల ఎవరు?"

"చేప ముక్కండి."

"అది తనే చెప్పింది. నా కుర్చీ తన బిందువు మీదుందట, లేవమంది. లేచాను. పొమ్మన్నాను, పోలేదు. బెదిరించాను, మా టీచర్ చెప్పాలంది."

"తప్పు నాదేనండి. నా సామాన్లు సర్దుకుంటాను."

"ఈ స్కూల్లో పిల్లలు టీచర్ల మాట వినరు, టీచర్లు నా మాట వినరు. చెప్పిన చోట నిలబడ్డ మనిషిని ఇన్నేళ్లకి ఇవాళ చూశాను." పెద్ద మేడమ్ సొరుగు లాగి, ఉద్యోగం ఖాయం చేసే కాగితం తీసి నిలబడే సంతకం పెట్టారు. "ఇక తీసుకెళ్లండి. నా మోకాళ్లు పోతున్నాయి."

"రామ్మా," అంది టీచర్. అప్పుడు కదిలింది ముక్కు.

సాయంత్రం కోడలు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మామగారు పేపర్లోంచి తల ఎత్తలేదు.

"మరి ఉత్తరం ముందు పెట్టకపోతే ఆ గదిలోకి ఎవరెళ్లేవారమ్మా?"