కణుజు గారి అభ్యంతరం

ఒక పెద్ద అడవిలో, కొండకీ వాగుకీ మధ్య, అందరికీ చెందిన మైదానం ఒకటి ఉండేది. అందరిదీ కనుక దానికొక కమిటీ ఉండేది. కమిటీ ఉంది కనుక నిబంధనలుండేవి.

కమిటీ అధ్యక్షుడు పెద్దపులి. వయసు మీద పడి, పొట్ట జారి, తను వేటాడలేని స్థితికొచ్చాడు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాడు. మైదానంలో ఏడాదికి మూడు నెలలే వేట. వేటాడాలంటే అనుమతి కావాలి. ఏ జంతువు పడినా ఒక తొడ అధ్యక్షుడికి. ఎవరూ తొడ ఎగ్గొట్టకుండా ముందుగా నోటీసు అంటించాలి: ఎవరు, ఎవరిని, ఏ రోజు, ఏ పొద దగ్గర. అభ్యంతరాలున్నవారు వారంలోగా తెలుపుకోవచ్చు.

ఇది వినగానే అక్కడ వేటాడే రేచుకుక్కలన్నీ పక్క అడవికి వెళ్లిపోయాయి. మిగిలింది మాణిక్యం అనే చిరుతపులి ఒక్కతే.

మాణిక్యం జన్మలో నిబంధన తప్పి ఎరగదు. ఇద్దరు పిల్లల్ని రెండు కొండల అవతల గుహలో వదిలి వచ్చింది. ఇంకా పాలిద్దామంటే పాలు లేవు. పిల్లలు తొండలు తిని బతుకుతున్నారని కాకి కబురు తెచ్చినప్పుడల్లా ఆమె ప్రాణం కొట్టుకునేది. తొండలు అరుగుతాయో లేదో. ఆడుతూ ఆడుతూ రాళ్ల మీంచి జారిపడతారో ఏమో. ఒక్క కణుజు, అదే, ఆ పెద్ద కొమ్ముల దుప్పి, ఒక్కటి పడితే చాలు. పిల్లలు తేరుకుంటారు. అందుకే కమిటీకి దరఖాస్తు పెట్టుకుంది.

కమిటీ గుమాస్తా శూలపాణి ముళ్లపంది. తన వీపు మీంచే ముల్లు పీకి, కొమ్ముల కొలతతో సహా నోటీసు రాసి, మడుగు దగ్గర చెట్టుకు అంటించాడు. నీళ్లు తాగడానికొచ్చిన కోదండం అనే కణుజు దాన్ని రెండుసార్లు చదివి, తిన్నగా ఆఫీసుకొచ్చాడు.

"గుమాస్తా గారూ, మంగళవారం నాకు వీలుకాదండీ."

"కారణం?"

"బతకాలనుంది."

"అది వ్యక్తిగతం. చెల్లదు."

"పోనీ, మా తమ్ముడితో కొమ్ముల పోటీ ఉంది."

"అలా చెప్పండి మరి. వాయిదా!"

మళ్లీ నోటీసు, మళ్లీ వారం. ఈసారి కోదండానికి జలుబు. ఆపై వారం కొమ్ము కొన విరిగి నోటీసులో కొలత తప్పింది. మాణిక్యం మాత్రం ప్రతిసారీ చెప్పిన వేళకు చెప్పిన పొద దగ్గరికొచ్చి, వేలిముద్ర వేసి వెళ్లేది.

"కుందేలునైనా పట్టుకోరాదటే?" అంది కాకి.

"దరఖాస్తులో కణుజని ఉంది."

మూడు నెలలూ ఇలాగే గడిచి ఆఖరి రోజు వచ్చింది. ఆఫీసు ముందు వరుసలో కోదండం ముందు, మాణిక్యం వెనక. అతని తోక ఆమె మీసాలకు తగులుతోంది.

"ఏమ్మా, మరీ చిక్కిపోయావు," అన్నాడతను వెనక్కి తిరిగి.

"పిల్లల బెంగ అన్నా. ఇద్దరు."

"అయ్యో. నాకూ ముగ్గురు."

పైనుంచి కాకి మొత్తుకుంది. "ఓసి పిచ్చిమొహమా, మూతి ముందుంది! దూకు!"

"ఆఫీసు ఆవరణలో వేట నిషిద్ధం," అంది మాణిక్యం, ఊరుతున్న నోటిని మూసుకుంటూ.

శూలపాణి భోజనం చేసి, చిన్న కునుకు తీసి, పొద్దు వాలాక వచ్చాడు. "వాయిదాలన్నీ అయిపోయాయి. కోదండం గారి అభ్యంతరం కొట్టేశాను. అనుమతి మంజూరు!" అని అనుమతి రాసిన ఆకు మీద ముద్ర గుద్దాడు.

మాణిక్యం ఆ ఆకు అందుకుని తల ఎత్తేసరికి సూర్యుడు కొండ వెనక్కి దిగాడు.

"సీజను ముగిసింది," అన్నాడు శూలపాణి. "వచ్చే ఏడు కొత్త దరఖాస్తు పెట్టుకోండి."

"వస్తానమ్మా. పిల్లలు జాగ్రత్త," అని కోదండం మేతకు వెళ్లిపోయాడు.

శూలపాణి నివేదిక పట్టుకుని అధ్యక్షుడి దగ్గరికెళ్లాడు. "అయ్యా, ఈ సీజన్లో ఒక్క అక్రమ వేటా జరగలేదు."

"సంతోషం. తొడలేవి?"

"సక్రమ వేట కూడా జరగలేదండి."

మూడు నెలలుగా పస్తులున్న పెద్దపులి పళ్లు నూరాడు. "ఇక నేనే దిగుతాను. దరఖాస్తు ఇలా ఇవ్వు!"

"సీజను అయిపోయిందండి. ఉత్తర్వు మీద తమరి సంతకమే ఉంది."

మాణిక్యం ఖాళీ నోటితో నడిచి నడిచి, తెల్లారేసరికి గుహకు చేరింది. గుహ ముందు పిల్లలిద్దరూ ఒక అడవిపందిని చెరో వైపు లాగుతున్నారు.

"ఎక్కడిదిరా ఇది?"

"వాగు ఒడ్డున పట్టుకున్నామమ్మా. ఎన్నాళ్లని తొండలు తింటాం?"

"ఎవరినడిగి?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవరినడగాలి? పందినా?"

మాణిక్యం అటూ ఇటూ చూసింది. చెట్లకు ఏ నోటీసూ లేదు. మెల్లిగా కూర్చుంది. చిన్నది ఒక కాలు తల్లి ముందుకు తోసింది.

"తినమ్మా."

"తింటాను గానీ, మీరు మెల్లిగా నమలండి. ఎముక గుచ్చుకుంటుంది."

నీతి: నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించేవాళ్లు అడవికి ఎంతో అవసరం. నమ్మకపోతే దుప్పుల్ని అడగండి.