మంత్రిగారి మోకాలి ఎత్తు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత తొమ్మిదో ఏడు. చినుకు లేదు. ఆ ఏడే పశుగ్రాస శాఖ మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు: "గడ్డి ఎప్పుడు కొయ్యాలో ఇకపై ప్రభుత్వమే నిర్ణయిస్తుంది!"

అంతదాకా మా ఉమ్మడి బీడులో కోతరోజు నేను చెప్పేవాణ్ణి. కాడని కణుపు దగ్గర విరిచి నమిలేవాణ్ణి. తియ్యగా ఉంటే కోత. చప్పబడితే ఆలస్యమైనట్టు. ఇంత అశాస్త్రీయంగా ముప్పై ఏళ్లు మా పశువులు ఎలా బతికాయో తెలీదు.

కమిటీ వేశారు. అనుభవం ఉందని నన్నూ వేశారు. మూడో తరగతి చదివినవాడికి ఏసీ గదిలో కుర్చీ అంటే మాటలు కాదు.

"మీరేమంటారు తాతగారూ?" అన్నాడు ఆఫీసరు.

"ఇవాళే కొయ్యాలి."

"రైతు ప్రతినిధి హర్షం వ్యక్తం చేశారు" అని రాసుకున్నాడు. తర్వాత రూలు చదివాడు. గడ్డి మోకాలెత్తు రాకుండా కోస్తే కేసు.

"ఎవరి మోకాలు?" అన్నాను.

ఆఫీసరు రూలు తిరగేసి చూశాడు. ఫైలు పైకి వెళ్లింది. పది రోజులకి దిగింది. మంత్రిగారి మోకాలు. ఆయన ఆరడుగుల మనిషి. ఆ ఎత్తున ఎర్రగీత పెట్టిన కర్ర ఒకటి ఆఫీసరు చేతికొచ్చింది.

రోజూ కర్రతో బీడుకి వచ్చేవాడు. మా గడ్డి జానెడుంది. వానల్లేని ఏడు అంతకన్నా ఎదగదు. ఆ ఎత్తుకే వెన్ను వేసి, ఎండిపోతుంది.

"ఇంకో జానెడు తక్కువండీ. ఓపిక పట్టాలి."

"ఎండిపోతోంది బాబూ."

"ఎండితే ఎండనివ్వండి. మనకి ఎత్తు ముఖ్యం."

అంత నిబద్ధత గల ఆఫీసరుని నేను మళ్లీ చూడలేదు.

ఇంట్లో చూడి ఆవు. మేత అయిపోయింది. మా ఆవిడ చేటలో అడుగున మిగిలిన పొట్టు దులిపి దాని ముందు పోసింది.

"కమిటీ మెంబరుగారూ, మీ కుర్చీనేమన్నా తింటుందేమో అడగండి దాన్ని" అంది. "ఎల్లుండి పశువుల బేరగాడు వస్తాడు. అప్పటికి మేత లేకపోతే తోలిచ్చేస్తాను. ఈనబోయే ఆవుని గడప దాటించాక, నాతో మాట్లాడకండి."

"చూద్దాంలే" అన్నాను.

"మీరు మాట్లాడేదే రెండు ముక్కలు. అవి కూడా దండగే."

మర్నాడు మంత్రిగారి కబురు. గడ్డి మోకాలెత్తు వచ్చేసింది, కోత ప్రారంభోత్సవానికి రండి అని. బీడుకి పరిగెత్తాను. కాడ నమిలితే నోట్లో దుమ్మయింది.

ప్రారంభోత్సవం బీడులో కాదు. మంత్రిగారి బంగళా వెనక, తోటకి నీళ్లు పెట్టే గొట్టం కారేచోట. ఆఫీసరు అక్కడ కర్ర పాతాడు. ఎర్రగీతని గడ్డి దాటింది. ఫొటోలు మెరిశాయి. మంత్రిగారు గుప్పెడు కోసి, పట్టని చెమట తుడుచుకున్నారు.

"కరువుని జయించాం! నేటి నుంచి కొలతకొచ్చిన గడ్డిని ఎవరైనా, ఎక్కడైనా కోసుకోవచ్చు!"

చప్పట్లు కొట్టాం. ఉత్తర్వు బంగళా గేటుకే అంటించారు. కర్ర పీకడం ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు తెల్లారగానే, బేరగాడు రాకముందే, ఆవుని తోలుకుని బంగళాకి వెళ్లాను. కాపలావాడు అడ్డం వచ్చాడు. "ఏంటి తాతా ఇది?"

గేటు మీది కాగితం చూపించాను. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. గేటు తీశాడు.

గొట్టం దగ్గర ఓ కాడ విరిచి నమిలాను. తియ్యగా ఉంది.

ఆవుని మోకాలి కర్రకి కట్టేసి, కొడవలి తీశాను.