ఇశ్రాయేలు తిమ్మిరి పటం

ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేసే ఇశ్రాయేలుని అందరూ ఫ్యూజు ఇశ్రాయేలు అంటారు. హెడ్‌లైటు వేస్తే హారన్ మోగే లారీని తెచ్చి అతని ముందు పెడితే చాలు, డాష్‌బోర్డు కిందికి దూరి ఏ వైరు ఎక్కడ తప్పు కలిసిందో చిటికెలో చెప్పేస్తాడు. లారీకి ఏ రోగం వచ్చినా బెదరని ఆ మనిషికి లోకంలో ఒక్కటే భయం. ఆసుపత్రి.

అది మామూలు భయం కాదు. పటమటలో వాళ్ళింటి నుంచి షెడ్డుకి వెళ్ళే దారిలో ఒక నర్సింగ్ హోమ్ ఉందని, పదకొండేళ్ళుగా రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్తున్నాడు. ఇదేం చోద్యమని భార్య తెరేసమ్మ అడిగితే, "బండికి కూడా కాస్త వ్యాయామం ఉండాలి" అంటాడు.

అలాంటివాడికి మూడు వారాలుగా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత అరచెయ్యి. ఎవరికీ చెప్పకుండా నెట్టుకొద్దామనుకున్నాడు గానీ, మొన్న కాఫీ గ్లాసు చేతిలోంచి జారి తెరేసమ్మ దిద్దుతున్న ఏడో తరగతి సోషల్ పేపర్ల మీద పడింది. దాంతో విషయం బయటపడింది.

"ఏంటండీ అది?"

"తిమ్మిరే."

ఆ ఒక్క మాటకి తెరేసమ్మ మొహం పాలిపోయింది. ఇశ్రాయేలు తండ్రి కూడా నెల రోజుల పాటు అదే మాట అన్నాడు. తర్వాత ఒక ఉదయం లారీ క్యాబిన్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పటికి ఆయనకి యాభై ఒకటి. ఇశ్రాయేలుకి మొన్న జూలైలోనే యాభై ఒకటి వచ్చింది.

"పదండి ఆసుపత్రికి."

"ఆగు. అన్నిటికీ పరిగెడితే ఎలా? నెట్లో అంతా రాసి ఉంటుంది. చదివి, ఏంటో తేల్చి చెప్తా."

"మీరు చదువుతారా? కరెంటు బిల్లు వెనకాల ఏముందో కూడా నన్నే చదవమంటారు."

"అది వేరు. ఇది నా ఒళ్ళు."

"సరే. శనివారం మధ్యాహ్నం రెండింటి దాకా టైము. అప్పటికి తేలకపోతే నేను తేలుస్తా."

ఇశ్రాయేలు అసలు ఎత్తు వేరే ఉంది. నెట్లో ఎక్కడో ఒకచోట 'ఇది ఏమీ కాదు, నరం నొక్కుకుంది, విశ్రాంతి చాలు' అని ఉండకపోదు. దాన్ని పట్టుకుని టీచరమ్మ ముందు పెడితే గండం గడిచినట్టే. కానీ ఫోనులో వెతికితే దొరికిన వ్యాసం హైవేలా సాగుతోంది. పైకి తోసిన కొద్దీ కింద ఇంకా ఉంది. నాలుగో పేరాకి అతనికి కుడి చెయ్యి కూడా తిమ్మిరెక్కినట్టనిపించింది.

డిగ్రీ చదివే కూతురు బ్లెస్సీ జాలిపడింది. "అంతా చదవడం ఎందుకు నాన్నా? కాపీ చేసి ఈ యాప్‌లో పెట్టు. బొమ్మ గీసిస్తుంది. మైండ్ మ్యాప్ అంటారు. మధ్యలో అసలు విషయం ఉంటుంది, చుట్టూ కొమ్మల్లాగా మిగతావి. పరీక్షల ముందు మేమంతా ఇలాగే చూసుకుంటాం."

ఇశ్రాయేలు మొహం వెలిగిపోయింది. "అంటే వైరింగ్ డయాగ్రమేగా! ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ."

"కానీ ఒకసారి అసలు దాంతో సరిచూసుకోవాలి నాన్నా. ఒక్కోసారి సంబంధం లేనివి కూడా కలిపేస్తుంది."

ఆ చివరి మాట వినే ఓపిక ఇశ్రాయేలుకి లేదు. టీచర్లకి చార్టులంటే ప్రాణం. చార్టే చూపిస్తే తెరేసమ్మ నోరెత్తదని అప్పుడే లోలోపల పండగ చేసుకుంటున్నాడు.

శనివారం వచ్చింది. బ్లెస్సీ కాలేజీకి వెళ్ళిపోయింది. ఒంటిపూట బడికి బయల్దేరుతూ తెరేసమ్మ గుమ్మంలో ఆగింది.

"సమాధుల పండుగకి లిస్టు రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. కాపీ చేసి షామియానా అతనికి పంపండి. వచ్చే ఆదివారమే, గుర్తుందిగా? రెండింటికి వస్తా. మీ చదువు తేలకపోతే బండి తిన్నగా ఆసుపత్రికే."

ఏటా నవంబరు రెండున వాళ్ళు ఉయ్యూరు దగ్గర సొంతూరికి వెళ్ళి, ఇశ్రాయేలు తండ్రి సమాధి కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తర్వాత బంధువులందరికీ భోజనాలు. ఆ లిస్టుని ఇశ్రాయేలు బుద్ధిగా కాపీ చేశాడు. పంపబోతూ, 'ముందు మన ప్రాణం సంగతి చూద్దాం' అనుకుని యాప్ తెరిచాడు. గడిలో పేస్ట్ నొక్కాడు. గడి చిన్నది, ఏదో ఒక్క ముక్కే కనబడింది. వ్యాసం రాలేదనుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళి, దాన్ని మొదటి నుంచి చివరిదాకా కాపీ చేసుకొచ్చి, ఉన్నదాని కిందే అతికించి మీట నొక్కాడు.

బొమ్మ వచ్చింది.

మధ్యలో గుండ్రంగా 'ఎడమ చెయ్యి తిమ్మిరి' అని ఉంది. దాన్నుంచి 'నరం నొక్కుడు' అని వెంట్రుకంత గీత. 'షుగరు' అని ఇంకో సన్న గీత. 'గుండె' అని కాస్త లావు గీత. అక్కణ్ణుంచి 'నిర్లక్ష్యం చేస్తే' దాకా ఒకటి, అక్కణ్ణుంచి అన్నిటికంటే లావుగా, ఎర్రగా, బ్యాటరీ మెయిన్ వైరంత గీత. దాని చివర 'సమాధి' అని ఉంది.

సమాధితో ఆగినా బాగుండేది. దానికి మళ్ళీ పిలకలు. సున్నం రెండు కేజీలు. బంతిపూలు నాలుగు కేజీలు. కొవ్వొత్తులు మూడు డజన్లు. కుర్చీలు ముప్పై. భోజనాలు, చికెన్ బిర్యానీ. అన్నిటికీ కింద, ఒక గడిలో తేదీ కూడా ఉంది. నవంబరు రెండు, ఆదివారం.

వేళ్ళు లెక్కపెట్టాడు. ఎనిమిది రోజులు. ఎడమ చేతి వేళ్ళు లెక్కకి కూడా సరిగ్గా మడత పడలేదు.

చదువుకున్న మనిషైతే ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించేవాడేమో. ఇశ్రాయేలు ముప్పై ఏళ్ళుగా వైర్లు చదివినవాడు. అతని లెక్కలో మాటలు అబద్ధం చెప్తాయి గానీ గీత చెప్పదు. గీత కలిసిందంటే కరెంటు పారినట్టే. పైగా లావు గీతంటే మెయిన్ సప్లై. ఏసుప్రభువా, నాకింకా ఎనిమిది రోజులేనా అనుకుని మంచం మీద కూలబడ్డాడు. ఆ పటాన్ని ఫోనులో దాచుకుందామని ఏదో మీట నొక్కాడు. ఏం నొక్కాడో అతనికే తెలియదు.

ముందుగా తెరేసమ్మకి ఫోన్ చేశాడు.

"తెరేసా, నేనెప్పుడైనా నిన్ను బాధపెట్టానా?"

"ఇప్పుడు. క్లాసులో ఉన్నాను."

"కాదే, జీవితంలో."

"లిస్టు పంపారా?"

"ఆ లిస్టు దాకా వచ్చింది నా బతుకు" అని ఫోన్ పెట్టేశాడు. కళ్ళు చెమర్చాయి. నిన్న పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆమెని విసుక్కున్నాడు. ఎంత పాపం చేశానని వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన ఆ పప్పంతా పశ్చాత్తాపంతో తినేశాడు.

మూతి కడుక్కుంటుండగా తలుపు చప్పుడైంది. తీస్తే షామియానా అతను. వెనకాల ట్రాలీ ఆటో నిండా ఎర్ర కుర్చీలు.

"మేస్త్రీగారు..." అని బొంగురు గొంతుతో మొదలుపెట్టినవాడు, ఎదురుగా నిలబడ్డ మేస్త్రీగారిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "మీరు... మీరే తలుపు తీశారేంటండీ?"

"ఇంకెవరు తీస్తారు?"

"అబ్బే, మీ స్టేటస్ చూసి... ఇలాంటివాటికి ఆలస్యం చెయ్యకూడదని... ఎన్నింటికి తీస్తారండీ?"

ఇశ్రాయేలు గబగబా ఫోను తెరిచాడు. దాచుకున్న పటం కాస్తా వాట్సాప్ స్టేటస్‌కి ఎక్కి కూర్చుంది. ఆటోనగర్ మొత్తం చూసింది. కింద నూట పన్నెండు మంది పేర్లున్నాయి.

కుర్చీలు దించుతుండగానే పక్క షెడ్డులో లారీ బాడీలు కట్టే కిరీటి వచ్చాడు. ఒక చేతిలో అరటిపళ్ళు, ఇంకో చేతిలో పూలదండ. ఏది అవసరమవుతుందో తెలియక రెండూ తెచ్చాడట. "బావా, నువ్వున్నావా!" అని వాటేసుకున్నాడు. ఆ ఊపులో దండ ఇశ్రాయేలు మెడలో పడింది.

గంటన్నరకి మైలవరం నుంచి అక్క మణెమ్మ దిగింది. వీధి మలుపు నుంచే ఏడుపు వినబడుతోంది. గుమ్మంలో కుర్చీలు, మెడలో దండతో తమ్ముడు. ఆమె గొంతు ఇంకా పెరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ! పోయే ముందు ఒక్క మాట చెప్పకూడదట్రా! బొమ్మ గీసి పంపిస్తావా!"

"ఇంకా పోలేదక్కా."

"ఆదివారం పోతున్నావుగా!"

ఇశ్రాయేలుకీ అదే అనుమానం. చుట్టుపక్కల వాళ్ళు కూడా చేరారు. ముప్పై కుర్చీలూ నిండాయి. బిర్యానీ ఎవరికి చెప్పారని ఒకాయన మర్యాదగా వాకబు చేశాడు. అందరి మధ్యా దండ వేసుకుని కూర్చున్న ఇశ్రాయేలుకి గుండె దడదడ కొట్టుకుంటోంది. నాన్న మొహమే కళ్ళ ముందు కదులుతోంది. ఆ ఉదయం నాన్నకీ ఇలాగే ఉండి ఉంటుందా అనిపించి నిజంగా భయం వేసింది.

సరిగ్గా రెండింటికి తెరేసమ్మ వచ్చింది. కుర్చీలు చూసింది. దండ చూసింది. ఏడుస్తున్న ఆడపడుచుని చూసింది. చెయ్యి చాచింది.

"ఫోన్ ఇలా ఇవ్వండి."

బొమ్మ చూసింది. బొమ్మ వెనకున్న రాతలోకి వెళ్ళి చూసింది. పరీక్ష పేపర్లో ఎవడో పక్కవాడిది ఎక్కించాడని పట్టుకున్నప్పుడు ఆమె కనుబొమలు ఎలా లేస్తాయో అలా లేచాయి.

"ఈ పైనున్నది ఎవరిది? సున్నం రెండు కేజీలు, బంతిపూలు నాలుగు... ఇది నా లిస్టు! మావయ్యగారి సమాధికి! దీన్నీ రోగాన్నీ ఒక గడిలో కుక్కితే అదేం చేస్తుంది పాపం? మీ చెయ్యి పట్టుకుని తిన్నగా మావయ్యగారి పక్కన పడుకోబెట్టింది."

ముప్పై కుర్చీలూ ఒక్కసారి గొల్లుమన్నాయి. మణెమ్మ ఏడుపు సగంలో ఆపి, "అయితే ఆదివారం పోడా?" అంది. గొంతులో సంతోషమే ఉంది గానీ, మైలవరం నుంచి వచ్చిన శ్రమ కూడా కాస్త ఉంది.

ఇశ్రాయేలుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. దండ తీసి కిరీటి మెడలో వేశాడు. "నేను చెప్పలా! ఏమీ లేదని! సమాధి గీత తీసేస్తే మిగిలింది నరం నొక్కుడే. తేలిపోయింది. అక్కా, కూర్చో, కాఫీ తాగి వెళ్దువు గాని."

"తేలిపోయిందా?" అంది తెరేసమ్మ. "షుగరు గీత ఏమైంది? గుండె గీత ఏమైంది? అవి నా లిస్టులోవి కావు. అవి మీ వ్యాసంలోవే."

"అది బొమ్మేనే! బొమ్మని నమ్ముతారా ఎవరైనా?"

"పొద్దున్నుంచీ దండ వేసుకుని కూర్చున్నదెవరు?"

తెరేసమ్మ కిరీటి వైపు తిరిగింది.

"కిరీటిగారూ, మీరే చెప్పండి. షెడ్డులో ఈయన పిల్లలకి ఏం నేర్పిస్తారు? డయాగ్రంలో గీత ఉంది కదా అని కలపకూడదు, లేదు కదా అని వదలకూడదు. ముందు ఏం చెయ్యాలి?"

"టెస్ట్ ల్యాంపు పెట్టి చూడాలండీ" అన్నాడు కిరీటి, దండ సర్దుకుంటూ. బల్బుకి రెండు వైర్లు కట్టిన ఆ టెస్ట్ ల్యాంపు అలవాటుకొద్దీ ఇశ్రాయేలు జేబులోంచి వేలాడుతూనే ఉంది.

"విన్నారుగా. లారీకైతే పెడతారు. మీ ఒంటికి పెట్టించరా?" తెరేసమ్మ గొంతు అక్కడిదాకా గట్టిగానే ఉంది. తర్వాత సన్నబడింది. "తిమ్మిరే అన్న మాట ఈ ఇంట్లో రెండోసారి విన్నానండీ. అది విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు. మీకు ఆసుపత్రంటే భయం. నాకు మీరు లేకపోతే భయం."

ఇశ్రాయేలు తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నాడు. కిరీటి మినీ లారీలో అతనితో పాటు తెరేసమ్మ, మణెమ్మ, షామియానా అతను, కుర్చీల్లో కూర్చున్న మరో తొమ్మిది మంది ఎక్కారు. పదకొండేళ్ళుగా తప్పించుకు తిరిగిన ఆ నర్సింగ్ హోమ్ ముందు ఊరేగింపులా దిగారు. ఇంతమంది మధ్యలోంచి పారిపోవడం పెళ్ళికొడుక్కి కూడా సాధ్యం కాదు.

గుండె బాగానే ఉందని తేలింది. షుగరు మాత్రం ఎప్పటినుంచో చేరి, నరాల మీద పని మొదలుపెట్టింది. "ఇప్పుడైనా వచ్చారు కాబట్టి సరిపోయింది. ఇంకో ఏడాది ఆగితే కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు. తెరేసమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ఇశ్రాయేలు డాక్టరిచ్చిన నాలుగు పేజీల ఆహార నియమాలు పట్టుకుని, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కూతురి దగ్గరికి నసుగుతూ చేరాడు. "ఇదంతా చదవలేనమ్మా. కాస్త బొమ్మ చేసి పెట్టు."

"అక్కర్లేదు" అంది తెరేసమ్మ వంటింట్లోంచి. "నేను గీసేశా. ఫ్రిజ్ మీద ఉంది."

వెళ్ళి చూశాడు. తెల్ల చార్టు మధ్యలో గుండ్రంగా 'ఇశ్రాయేలు' అని ఉంది. కొమ్మలు లేవు, పిలకలు లేవు. పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క గీత, బ్యాటరీ మెయిన్ వైరంత లావుగా ఉంది. దాని చివర 'ముందు తెరేసమ్మకి చెప్పాలి' అని రాసి ఉంది.

ఇశ్రాయేలు దాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు. ఎంతైనా వైరింగ్ మనిషి.

"దీనికి స్విచ్ ఎక్కడుందే?"

"నా దగ్గరుంది లెండి" అంది తెరేసమ్మ, చక్కెర లేని కాఫీ అతని కుడి చేతికి అందిస్తూ.