గోధుమరంగు తివాచీ

భార్య వాళ్ల పెద్దమ్మ పన్నెండు గంటల బస్సుకు వస్తోంది. ఆమెను తీసుకురావడానికి బయల్దేరుతూ భార్య, గోడలకు రంగులు వేసే తన మేస్త్రి మొగుడికి ఒకటే చెప్పింది. "రెండేళ్ల కింద ఇచ్చిన తివాచీ ఎలా ఉందో చూస్తుందట. బాగుంటే మనకే వదిలేస్తుంది. లేదంటే చుట్టి పట్టుకుపోతుంది. మీరు దాన్ని ముట్టుకోకండి."

ముట్టుకోకూడదనే మేస్త్రి సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని రొట్టె తిన్నాడు. టమాటా కూర చుక్క మాత్రం కిందికే వెళ్లింది. చొక్కా గుండీ అంత మరక. పొడిగుడ్డతో అద్దాడు. చన్నీళ్లు చల్లి, గిన్నెల సబ్బు నురగతో మెల్లగా తుడిచాడు. మరక పోయింది. గోధుమరంగు తివాచీ నడుమ తెల్లటి చక్రం మిగిలింది.

గోడ మధ్యలో అతుకు వేస్తే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మూలదాకా లాగితేనే కలిసిపోతుంది. మేస్త్రికి చేతికొచ్చిన విద్య అదొక్కటే. బట్టలు తోమే బ్రష్షు తెచ్చి, ఆ తెలుపును మూలలదాకా లాగడం మొదలుపెట్టాడు.

పక్కింటి బాబాయ్ కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏం చేస్తున్నావురా?"

"మరక తీస్తున్నా బాబాయ్."

"ఎక్కడుంది?"

"ఇప్పుడు ఆ తెల్లచక్రం తప్ప మిగతాదంతా మరకే."

"కానియ్యి. సాయంత్రానికి మా ఇంటిదాకా వస్తావు."

పదిన్నరకు మూడు మూలలు అయ్యాయి. నాలుగోది బీరువా కింద ఉంది, ఒక్కడివల్ల జరగదు. తివాచీ మీగడ రంగుకు తిరిగి, అంచున నీలం ఆకులు బయటపడ్డాయి. దాని పక్కన సోఫా మసిగుడ్డలా కనబడింది. దాన్నీ కడిగి, రెండు ఫ్యాన్లూ వేశాడు.

భార్య వెంట వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "నా తివాచీ ఏది?"

"ఇదే అత్తయ్యా."

"నాది గోధుమరంగు. పాతికేళ్లు దానిమీద తిరిగాను. ఆకులుంటే నాకు తెలీదా?"

భార్య తివాచీని, తర్వాత మొగుణ్ణి చూసింది. "నిజం చెప్పండి. కాల్చేశారా?"

"కాల్చడమేంటే, అమ్మేసుంటాడు. పోయినసారి చూసినప్పుడే అనుకున్నా, మనిషి మరీ నెమ్మది."

మేస్త్రి బీరువా దగ్గరకు నడిచాడు. భార్యను ఓ చెయ్యి వెయ్యమని బీరువాను అడుగు పక్కకు జరిపాడు. తివాచీ ఈ ఇంటికొచ్చిన రోజు పెట్టిన బీరువా, మళ్లీ కదల్లేదు. కింద పాత రంగు అలాగే ఉంది. నీలం ఆకులు దాని గట్టుదాకా వచ్చి ఆగిపోయాయి.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆ గోధుమరంగు ఎవరింట్లో పట్టిందో ముగ్గురికీ అర్థమైంది.

"మీరే ఉంచుకోండి," అంది చివరికి. "అల్లుడూ, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా."

"ఇద్దరం వస్తాం పెద్దమ్మా," అంది భార్య.

"నువ్వు తర్వాత రావచ్చులే."

అంటూ బ్రష్షును మాత్రం అప్పుడే తన సంచిలో పెట్టుకుంది.