ఐరేని కుండలు, డిస్కో మిషన్

ఆ రోజు ఉదయం గులాం నబీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆలేరులో కుమ్మరి ఇంటి నుంచి గండయ్య ఇంటి దాకా పెండ్లి పందిట్లో పూజకు నిలిపే ఐరేని కుండల ముందు క్లారినెట్ ఊదుకుంటూ నడవాలి. భోజనం చేయాలి. ఇంటికి పోయి పడుకోవాలి. అరిగిన మోకాళ్లకు ఆ చివరిదే ముఖ్యం. అయినా ఒక ఆశ మిగిలి ఉంది. కుండల కోసమని నాయిన నేర్పిన బాణీ ఒకటుంది. దాన్ని ఈ మధ్య ఎవరూ మనసుపెట్టి వినడం లేదు. ఈ పెండ్లిలోనైనా వినిపించాలనుకున్నాడు.

డోలు కొట్టే అహ్మద్ అలీ డోలు లేకుండా వచ్చాడు. వెనక రిక్షాలో మైకు, కారు బ్యాటరీ, వాటి మధ్య చిన్న పెట్టె ఉన్నాయి.

"డోలేది?"

"భుజం లేస్తలేదు భాయ్. పట్నం నుంచి డిస్కో మిషన్ తెచ్చిన. బొత్తం ఒత్తితే అదే కొడతది. మనం ఉత్తగ నడుసుడే."

'ఉత్తగ' అన్న మాట నబీకి నచ్చింది. అక్కడే పొరపాటు జరిగింది.

బొత్తం ఒత్తగానే వాడ అదిరింది. దుం చిక్, దుం చిక్. క్లారినెట్ ఎవరికీ వినబడలేదు, ఊదుతున్నవాడికి కూడా. పెండ్లికూతురి తండ్రి గండయ్య చెవులు మూసుకున్నాడు.

"ఏం లొల్లి భాయ్ గిది! రేపటి పిల్లలు గీ సప్పుడు ఇంటే, మా పెద్దోళ్లకు చెవులు లేకుండెనా అని నవ్వుతరు."

"ఇల్లు రానియ్యి, ఆపుతం," అన్నాడు నబీ.

ఇల్లు వచ్చింది. ఆపబోతే బొత్తం లోపలికి పోయింది, మళ్లీ పైకి రాలేదు.

"తీగ పీకు!"

"పీకితే కాలిపోతదని అమ్మినోడు చెప్పిండు భాయ్."

నబీ మిషన్‌ను అరచేత్తో కొట్టాడు. గండయ్య నబీని తిట్టాడు. ముందు నడుస్తున్న గండయ్య తల్లి సావిత్రమ్మ, నెత్తి మీద కుండతో, గడప దగ్గర ఆగిపోయింది.

"మేళం నడుస్తుంటె కుండ దించుతరా? అది ఆగినంకనే దించాలె. తిరుగుండ్రి పందిరి చుట్టు!"

కుండలెత్తుకున్న ఆడవాళ్లు తిరిగారు. అలసిన కాళ్లు తాళంలో పడ్డాయి. చూసేవాళ్లకు అది ఆటలాగే కనిపించింది. ఇదేదో మొక్కు అనుకుని ఇరుగుపొరుగు కూడా బిందెలు తెచ్చుకుని కలిశారు. ఇంతలో మగపెళ్లివారు దిగారు. ఎదుర్కొనేందుకు ఎవరూ రాలేదు. ఇది ఆడపెళ్లివారి ఆచారం కాబోలు, తప్పుపడతారేమోనని వియ్యంకుడు చెప్పులు చేతపట్టుకుని వరసలో చేరాడు. లగ్నం దాటిపోతోందని అయ్యగారు అరిచిన అరుపు ఆయనకే వినబడలేదు.

చివరికి నబీ తీగ పీకాడు. ఏమీ కాలలేదు. కుండలు దిగాయి. బాణీ ఊదడానికి అతనికి ఊపిరి లేదు, అడిగినవాళ్లూ లేరు.

ఇక ఎవరూ పిలవరనుకున్నాడు. పిలిచారు. గండయ్య బిడ్డ కాపురం చల్లగా ఉండేసరికి రామన్నపేట దాకా అందరికీ అట్లాంటి పెండ్లే కావాల్సి వచ్చింది. కాలం గడిచింది. ఆనాడు సావిత్రమ్మ కొంగు పట్టుకుని తిరిగిన గండయ్య చిన్నబిడ్డ మంజులత కూడా పెండ్లికూతురైంది.

కొత్త మిషన్ చెప్పినట్టు వింటుంది. ఒక్కసారి దాన్ని ఆపి ఊదుదామని నబీ క్లారినెట్ తీశాడు. మంజులత కంగారుగా వచ్చింది.

"చాచా, గిదెందుకు? నేను పుట్టినంక గీ సప్పుడు ఎన్నడు ఇనలే. గిప్పటి ఫ్యాషన్లు మాకొద్దు. తాతల కాలం నుంచి వస్తున్న డిస్కో ఉన్నది కద."

"సరే బిడ్డా. అదే పెడత."

"ఉత్తగ పెడితె కాదు. అది ఆగుతలేదని నువ్వు అరచేత్తో కొట్టాలె. బాపు నిన్ను తిట్టాలె. తిట్టకుంటె అరిష్టమట."

గండయ్య కర్ర ఊతంగా వచ్చి నిలబడ్డాడు. నబీ ముఖం చూడకుండా, మంత్రం అప్పజెప్పినట్టు అన్నాడు: "ఏం లొల్లి భాయ్ గిది."

నబీ క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి, మిషన్‌ను అరచేత్తో కొడుతూ కంగారు పడటం మొదలుపెట్టాడు. వయసు మీదపడింది కదా, ఆ కంగారు పద్ధతి ప్రకారం కుదరలేదని ఆడవాళ్లు తర్వాత అనుకున్నారు.